నీళ్ళు ఎక్కువైన ఎండాకాలం

ఇలా రా, ఆ కిటికీ దగ్గర నుంచి లేచి నా పక్కన కూర్చో. ఆ ఫోను కాసేపు బోర్లించు, అదెక్కడికీ పారిపోదు. మీ నాన్న మేనత్త సంగతి చెబుతాను. నీకు ఊహ తెలిసేసరికే ఆమె మోకాళ్ళు పట్టేసి కుర్చీకి అతుక్కుపోయింది. నువ్వు చూసిన మనిషి వేరు, నేను కాపరానికి వచ్చినప్పుడు చూసిన మనిషి వేరు. ఆ రోజుల్లో ఆమెను ఒకచోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు.

అందుకే ఆమెకు బొంగరం అని పేరు పడింది. అన్నం తింటూ తింటూ మధ్యలో లేచి వెళ్ళి తలుపు గడియ చూసి వచ్చేది. మనతో మాట్లాడుతూనే మన భుజం మీద దారప్పోగు కనబడితే లాగేసేది, ఆ పోగుతో పాటు సగం కుట్టు ఊడి వచ్చేది. బట్టలు కుట్టే దుకాణంలో చేరింది, కూర్చోలేక మానేసింది. ఫోటో స్టూడియోలో చేరింది. వచ్చినవాళ్ళను కదలకుండా కూర్చోమని చెప్పాల్సింది తనే, చెబుతూ తనే కదిలిపోయేది. బ్రెడ్డు చేసేచోట చేరింది. పిండి పొంగేదాకా ఆగలేక మాటిమాటికీ మూత తీసి చూసేసరికి పిండి చప్పబడి ఊరుకుంది. ఆమె పనులు మానేస్తుందని చుట్టాలు అనేవారు. నన్నడిగితే పనులే ఆమెను మానేశాయి.

అప్పట్లో మాకున్నది ఒక గది, దాని ముందు చిన్న ముందుగది. ఆ ముందుగదిలోనే ఆమె మడతమంచం. తెల్లారగానే మడిచి తలుపు వెనక నిలబెట్టాలి, లేకపోతే వచ్చినవాళ్ళకు కాలు పెట్టే చోటుండదు. ఒకసారి ఒళ్ళు కాలిపోతున్న జ్వరంలో కూడా లేచి మంచం మడిచి, దాని పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది. నేను కషాయం కాచి ఇస్తుంటే అంది:

“వదినా, నాకు పెద్ద ఇల్లొద్దు, సామాన్లొద్దు. నేను లోపలుండి నేనే గడియ వేసుకునే తలుపు ఒక్కటుంటే చాలు.”

“ఎందుకే, మేమేమన్నా పీక్కు తింటున్నామా?”

“పీక్కు తింటే ఎప్పుడో పారిపోదును. బాగా చూస్తున్నారు, అదే వచ్చింది చావు.”

నాకు నవ్వొచ్చింది. ఆ మాట మీ తాతయ్యకు చెప్పలేదు. చెబితే ఆయన తప్పుగా తీసుకునేవారు. ఒక్కగానొక్క చెల్లెలు మరి.

చివరికి ఆమె ఊరి బయట మొక్కలు పెంచి అమ్మే నర్సరీలో చేరింది. అక్కడ మాత్రం నిలిచింది. అక్కడ ఆమెను కూర్చోమనేవాళ్ళు లేరు కదా! కొమ్మ కత్తిరించు, సంచిలో మన్ను నింపు, ఎండలోంచి నీడలోకి జరుపు, మళ్ళీ నీడలోంచి ఎండలోకి జరుపు. దాని యజమాని ఒక ముసలాయన, అందరూ నర్సరీ తాత అనేవారు. బావి అడుగంటాక ఆయన ఆ స్థలం వదిలేసుకుని కొడుకు దగ్గరకు వెళ్ళిపోతూ, మిగిలిన మొక్కల్లో మొండివన్నీ ఏరి ఈమెకు ఇచ్చేశాడు.

“ఇవి నీళ్ళడగని మొక్కలమ్మా. ఒకసారి నాటుకుంటే ఏళ్ళ తరబడి అక్కడే ఉండి పూస్తాయి. వేరు దిగేదాకా బిడ్డలా చూసుకో, దిగాక వాటి జోలికి పోకు. దాహం వేస్తేనే అవి వేరును లోపలికి తోలతాయి. నువ్వు పోస్తూ కూర్చున్నావనుకో, సోమరులై పైపైనే ఉండి చస్తాయి. నీ చెయ్యి ఊరుకోదు చూడు, అదే నా భయం,” అన్నాడట.

మొక్కలైతే వచ్చాయి, పెట్టడానికి చోటేది? మా గుమ్మం ముందు చెప్పులు విడవడానికే జాగా లేదు.

మీ తాతయ్య బస్సు డిపోలో మెకానిక్కని తెలుసుగా, ఊరి బస్టాండూ ఆ ఆవరణలోనే. నేను రోజూ మధ్యాహ్నం ఆయనకు క్యారియరు తీసుకెళ్ళేదాన్ని. డిపో గేటు నుంచి ప్లాట్‌ఫారం దాకా గోడ వెంబడి పొడుగ్గా ఖాళీ స్థలం ఉండేది. ఒకప్పుడు పూలమొక్కలు ఉండేవట. నీళ్ళకు కటకట వచ్చాక అవి పోయాయి, తోటమాలీ పోయాడు, మిగిలింది రాళ్ళూ, ఇంజనాయిలు మరకలూ. క్యాంటీను వెనక ఆ తోటమాలి గది మాత్రం ఉండిపోయింది. అందులో విరిగిన సీట్లు పడేసి తాళం పెట్టారు. ఆ స్థలంలో సిమెంటు పోయించి మోటారు సైకిళ్ళు నిలబెట్టుకోవాలని మేనేజరుగారి ఆలోచన.

ఈ సంగతి మీ తాతయ్య అన్నం తింటూ యథాలాపంగా అన్నారు. తెల్లారేసరికి బొంగరం మేనేజరు గదిలో ఉంది. ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు.

“చుక్క నీళ్ళివ్వలేనమ్మా. తాగడానికే ట్యాంకరు వస్తోంది,” అన్నారట ఆయన.

“నేనడిగానా నీళ్ళు?”

“నీళ్ళు లేకుండా పూలెలా పూయిస్తావు?”

“అది నా తిప్పలు. పూస్తే తోటమాలి పని నాకివ్వండి. క్యాంటీను వెనక గది కూడా.”

ఆయన ఉద్యోగం చివరికొచ్చిన మనిషి, కోపం తక్కువ, ఆయాసం ఎక్కువ. కళ్ళజోడు తీసి తుడుచుకుని ఇలా అన్నారట: “ఎండాకాలం గడిచి మొదటి వాన పడేలోపు ఆ గోడ పొడుగునా నాకు పూలు కనబడాలి. కనబడకపోతే సిమెంటు పోయిస్తాను, నువ్వు మళ్ళీ నా గదిలోకి రాకూడదు.”

“కనబడితే మీరు నా గదిలోకి రాకూడదు,” అని ఇవతలికి వచ్చేసింది.

ఆ మాట డిపో అంతా పాకింది. సాయంత్రం మీ తాతయ్య ఇంటికొచ్చి నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

“మేనేజరుతో పందెం కడతావటే? నేను రేపు ఆయన మొహం ఎలా చూడను?”

“నువ్వు చూసేది బస్సు కిందే కదన్నయ్యా, ఆయన మొహంతో నీకేం పని?” అంది బొంగరం.

అప్పటికి వానాకాలం అయిపోవచ్చింది, నేల ఇంకా మెత్తగా ఉంది. గునపం పట్టి ఆ స్థలమంతా తిరగేసింది. మన్నులో ముతక ఇసకా, చితక్కొట్టిన ఇటుక ముక్కలూ కలిపి గట్టులా ఎత్తు చేసింది, పడ్డ నీళ్ళు నిలవకుండా జారిపోవాలని. ముందు వరసలో తెల్లవీ గులాబీరంగువీ బిళ్ళగన్నేరు పెట్టింది, వెనక ములుగోరింట. మధ్యమధ్య ఎడారి గులాబీలు. వాటి మొదలు చిన్న కుండలా ఉబ్బి ఉంటుంది, నీళ్ళు అందులోనే దాచుకుంటాయి. గేటు పక్కన కాగితపు పూల తీగ. వేరు దిగేదాకా మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు బిందెతో మోసుకెళ్ళి కొలిచి పోసింది. దిగిందని నమ్మకం కుదిరాక బిందె తెచ్చి నా చేతికిచ్చి, “ఇక దీన్ని దాచెయ్ వదినా, నేనడిగినా ఇవ్వకు,” అంది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. చేసే పని లేదు, చూడకుండా ఉండలేదు. పొద్దున్నే వెళ్ళి గేటు నుంచి ప్లాట్‌ఫారం దాకా నడిచేది, ప్లాట్‌ఫారం నుంచి గేటు దాకా నడిచేది. లేని కలుపు పీకేది. సర్దిన రాయినే మళ్ళీ సర్దేది. ఒకరోజు నేను క్యారియరు పట్టుకుని వెళ్ళేసరికి చేతులు రెండూ చంకల్లో బిగించి నిలబడి ఉంది.

“ఏం చేస్తున్నావే?”

“ఏమీ చెయ్యకుండా ఉంటున్నాను వదినా. చచ్చే చావుగా ఉంది.”

చలి రోజుల్లో మొక్కలు బాగానే ఉన్నాయి. బిళ్ళగన్నేరు నాలుగు పూలు పూసింది కూడా. కిటికీ పక్క సీట్లలోవాళ్ళు తలలు బయట పెట్టి చూసేవాళ్ళు. ఎండలు ముదిరాయి. డిపోలో తారు మెత్తబడి చెప్పులకు అంటుకునే రోజుల్లో ఆకులు పసుపు పచ్చబడ్డాయి. ఇవాళ ఒకటి, రేపు దాని పక్కది. తలలు వాలేశాయి.

చూసిన ప్రతివాళ్ళూ ఒకటే మాట. “కాసిని నీళ్ళు పొయ్యమ్మా, గొంతెండిపోతున్నాయి పాపం!” ఆమె పెదవి కొరుక్కుని పొయ్యననేది. ఇంటికొచ్చి ముద్ద మింగలేకపోయేది. నాకూ అంతే. కూర తాలింపు వేస్తూ ఆ మొక్కలే గుర్తొచ్చి మాడ్చేసేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక వాడిన బిళ్ళగన్నేరు ఒకటి పీకింది. నేను అక్కడే ఉన్నాను. వేరు నల్లగా, జిగటగా ఊడి వచ్చింది. బకెట్లో మరిచిపోయిన తడిబట్టలా కంపు కొట్టింది. వెంటనే ఎడారి గులాబీ మొదలు బొటనవేలితో నొక్కింది. మగ్గిపోయిన పండులోకి దిగినట్టు వేలు లోపలికి దిగిపోయింది.

“వదినా,” అంది, ఆ వేలు నా మొహం ముందు పెట్టి. “ఇవి ఎండి చావట్లేదు. కుళ్ళి చస్తున్నాయి. ఎవరో నీళ్ళు పోస్తున్నారు.”

ఇక్కడే ఉంది చూడు తిరకాసు. దాహం వేసిన మొక్కా తల వాల్చేస్తుంది, నీళ్ళెక్కువై వేరు కుళ్ళిన మొక్కా తల వాల్చేస్తుంది. చూసేవాళ్ళకు రెండూ ఒకలాగే ఉంటాయి.

ఆ సాయంత్రం ఇంట్లో మీ తాతయ్య ఒక్క ముక్కలో తేల్చేశారు. “ఇంకెవరు పోస్తారే? నీకు తెలియకుండా నీ చెయ్యే పోస్తూ ఉంటుంది. బ్రెడ్డు పిండి మూత ఎన్నిసార్లు తీశావో నీకు గుర్తుందా?”

బొంగరం ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి, ఆ రోజు కంచాలు ఎత్తుకుని లేచిపోయింది. తర్వాత గిన్నెలు తోముతూ నన్ను మెల్లిగా అడిగింది: “నేనే పోస్తున్నానంటావా వదినా? నా చెయ్యి నా మాట వినదు కదా. నేనే అయితే?”

“ఛ, ఊరుకో.”

“కాదు, నన్ను రేపటి నుంచి ఇంట్లో కట్టిపడెయ్. వెళ్తానంటే కాళ్ళు విరక్కొట్టు.”

అలా ఆమె ఇంట్లో ఉండిపోయింది. అబ్బ, ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాలు నిలవదు! తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. దిండ్లు విప్పి దూది ఏకి మళ్ళీ కుట్టింది. గోడ గడియారం విప్పింది, ఆ తర్వాత అది మనకెప్పుడూ సరైన టైము చూపించలేదు. గుమ్మం దాకా వెళ్ళేది, వెనక్కొచ్చేది. ఆమె గుమ్మం దాకా వెళ్ళినప్పుడల్లా నా గుండె ఆమె వెంటే వెళ్ళొచ్చేది.

అలా ఒకరోజు నేను క్యారియరుతో డిపోకు వెళ్ళి, ఎవరూ చూడకుండా వంగి ఆ గట్టు మీద మన్ను ముట్టుకున్నాను. తడి! ఆమె ఇంట్లో ఉంది, నేను స్వయంగా కాపలా ఉన్నాను, ఇక్కడ మన్ను తడిగా ఉంది! క్యారియరు మీ తాతయ్య చేతిలో పడేసి, ఈ బరువైన ఒంటితో ఇంటిదాకా పరుగులాంటి నడక నడిచాను. బొంగరం స్టూలెక్కి ఫ్యాను తుడుస్తోంది. చెప్పగానే అక్కడి నుంచి దూకేసింది.

“నేను కాదు! వదినా, నేను కాదుటే!” అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. వదినను ‘టే’ అనకూడదని కూడా మరిచిపోయింది. మరుక్షణమే కళ్ళు చికిలించి, “మరి ఎవడు?” అంది.

మర్నాడు ఇద్దరం క్యాంటీను బల్ల మీద కూర్చుని ఆ గోడ వైపే కాపలా కాశాం. డ్యూటీలు మారే వేళ మొదటి బస్సు వచ్చింది. అందులోంచి రైట్ రైట్ దిగాడు. అతను కండక్టరు. ఏం మాట్లాడినా చివర ‘రైట్ రైట్’ అనడం అలవాటు, అందుకని అదే పేరైంది. మంచివాడు. దిగి, బాటిలెత్తి తాగి, మూతి తుడుచుకుని, అడుగున మిగిలిన గుక్కెడు నీళ్ళూ బిళ్ళగన్నేరు మొదట్లో ఒంపి, “తాగు తల్లీ,” అన్నాడు. అంత ముద్దుగా అన్నాడు, కన్నకూతురితో కూడా అలా అని ఉండడు.

అతని వెనకే డ్రైవరు. అతనూ గుక్కెడు. తర్వాత బస్సు దిగిన ఒక ముసలావిడ. తర్వాత సంచీలు మోస్తున్న ఇద్దరు మగవాళ్ళు. అందరిదీ గుక్కెడే. వేడెక్కిన నీళ్ళు, ఇంటికెళ్తే చల్లనివి ఉంటాయి. అవి ఎంగిలి నీళ్ళు, ఇంకొకరికి ఇవ్వలేరు. నీళ్ళకు కటకటగా ఉన్న రోజుల్లో తారు మీద పారబొయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు. పక్కనే తల వాల్చిన మొక్క. ఇంకేం చేస్తారు చెప్పు? ఎన్ని బస్సులు, బస్సుకు ఎంతమంది! ఊరి దయంతా తెచ్చి ఆ గోడ వారన పోస్తున్నారు.

బొంగరం లేవబోతుంటే నేను మోచెయ్యి పట్టుకుని ఆపాను. ఇంతలో షెడ్డులోంచి మీ తాతయ్య వచ్చారు. నూనె చేతులు తుడుచుకుని, బాటిలు ఎత్తి తాగి, మిగిలిన కాసినీ ఎడారి గులాబీకి పోసి వెనక్కి తిరిగారు.

“నువ్వూనా అన్నయ్యా!”

ఆ కేకకు క్యాంటీనులో టీ కప్పులు ఆగిపోయాయి.

“ఏమైందే? గుక్కెడేగా!” అన్నారు మీ తాతయ్య.

“గుక్కెడు, గుక్కెడు! ఈ ఊరు ఊరంతా గుక్కెడేగా! నీ గుక్కెడే నా కొంప ముంచింది. ఇంకా నా చెయ్యే పోస్తోందన్నావు!”

“పాపమని పోశాను. చెల్లెలి మొక్కలు ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోమంటావా?”

“ఊరుకోమనే అంటున్నా!”

రైట్ రైట్ మధ్యలో దూరాడు. “అక్కా, నువ్వు మరీ చెబుతున్నావు. నీళ్ళు పోస్తే చచ్చే మొక్క ఎక్కడైనా ఉంటుందా? రైట్ రైట్.”

“ఉంది. చూడు,” అని ఆ కుళ్ళిన వేరు తెచ్చి అతని ముక్కు దగ్గర పెట్టింది. అతను మొహం తిప్పుకున్నాడే గాని నమ్మలేదు.

డిపోలో రూటు బోర్డులు రాసే పెయింటరును బతిమాలి ఒక బోర్డు రాయించింది. ‘మొక్కలకు నీళ్ళు పోయరాదు’. అదే కొంప ముంచింది. బస్సు దిగినవాళ్ళు అది చదివి నోరు నొక్కుకునేవారు. “మొక్కలకు కూడా నీళ్ళు పోయనివ్వరట! ఎంత పిసినారులండీ!” అని అటూ ఇటూ చూసి, దొంగతనంగా ఇదివరకటికంటే ఎక్కువ పోసేవారు. బొంగరం ఆ గోడ పొడుగునా అటు పరుగు, ఇటు పరుగు. ఈ చివర ఒకరిని ఆపేలోపు ఆ చివర ఇంకొకరు ఒంపేసి వెళ్ళిపోయేవారు. అరిచి అరిచి గొంతు పోయింది. మొక్కల్లో సగం పోయాయి. మిగిలినవి ఉన్నాయో లేవో తెలియనట్టున్నాయి.

ఒక మధ్యాహ్నం నేను క్యారియరు తీసుకుని గేటు దాటేసరికి లోపల టేపు పట్టుకుని ఇద్దరు మనుషులు గోడ వెంబడి కొలుస్తున్నారు. సిమెంటు పని మేస్త్రీలు. పక్కనే మేనేజరుగారు గొడుగు వేసుకుని నిలబడ్డారు. నేను క్యారియరు అక్కడే దింపేసి దగ్గరకు వెళ్ళాను.

“ఇంకా వాన పడలేదుగా సార్!” అంటోంది బొంగరం, గొంతు రాక గుసగుసగా.

“పడలేదమ్మా. అయినా ఇందులో పూసేదేముంది, నువ్వే చెప్పు. నీ కష్టం నేను కాదనను. ఎండనపడి నువ్వు తిరగడం కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నాను. నువ్వు తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి,” అన్నారాయన. నిజంగా బాధగానే అన్నారు.

అంటూనే చేతిలో ఉన్న బాటిలు తెరిచి, రెండు గుక్కలు తాగి, మిగిలిన నీళ్ళు పోద్దామని కాగితపు పూల తీగ మీదికి వంగారు. అంత మనిషికీ అదే అలవాటు!

బొంగరం ఆయన మణికట్టు పట్టేసుకుంది.

డిపోలో మేనేజరు చెయ్యి పట్టుకున్న మనిషి అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. మేస్త్రీ చేతిలో టేపు సర్రుమని వెనక్కి చుట్టుకుపోయింది. ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. షెడ్డు గుమ్మంలో మీ తాతయ్య మొహం నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది.

మేనేజరుగారు కోప్పడలేదు. అయోమయంగా చూశారు. “మరి ఈ నీళ్ళు ఏం చెయ్యమంటావు? ఎంగిలివి, ఎవరికీ ఇవ్వలేను. కింద పొయ్యలేను. కడుపు నిండిపోయింది, తాగలేను.”

నేను చూశాను, బొంగరానికి నిజంగా ఏమీ తోచలేదు. అటు చూసింది, ఇటు చూసింది. ఆయన చేతిలోంచి బాటిలు లాక్కుని, మూతి పెట్టి గటగటా తాగేసింది.

“అయ్యయ్యో, నా ఎంగిలమ్మా అది!” అన్నారాయన.

“మొక్కకు పోసేటప్పుడు కాదూ ఎంగిలి?” అంది మూతి తుడుచుకుంటూ. “ఇవ్వాళ్టి నుంచి ఈ గోడ దగ్గర ఎవరి దగ్గర నీళ్ళు మిగిలినా నాకివ్వండి. నేను తాగుతాను. కొలిచేవాళ్ళను మాత్రం పంపించెయ్యండి సార్.”

అదే వేళకు బస్సొచ్చి ఆగింది. రైట్ రైట్ దిగాడు, చేతిలో బాటిలు. ఏం జరిగిందో తెలియదు పాపం, అలవాటుగా మొక్క వైపు నడిచాడు. బొంగరం ఎదురెళ్ళి చెయ్యి చాపింది.

“ఇలా తే. నేను తాగుతాను.”

“ఛీ ఛీ, ఎంగిలక్కా! నీకెలా ఇస్తాను?”

“అయితే నువ్వే తాగు.”

అతను ఆమె చేతిని చూశాడు, మేనేజరును చూశాడు, బాటిలెత్తి మొత్తం గుటగుటా తాగేశాడు. చివర్లో దగ్గొచ్చి కళ్ళ నీళ్ళు పెట్టుకుని, “రైట్ రైట్,” అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. మొక్కకైతే ఎవరైనా ఎంగిలి పోస్తారు. ఎదురుగా ఒక ఆడమనిషి చెయ్యి చాపి నేను తాగుతానంటే ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు, తామే తాగేస్తారు. ఆమెకు అర్థమైందో లేదో గాని, ఆ రోజంతా వచ్చిన ప్రతి బస్సు దగ్గరా చెయ్యి చాపుకుని నిలబడింది. ఇచ్చినవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు, చిన్నపిల్లలు. వాళ్ళవి తాగేసింది. మిగతావాళ్ళంతా మింగలేక మింగారు. మేనేజరుగారు గొడుగు కింద నిలబడి ఆ తతంగమంతా చూసి, మేస్త్రీలతో “మీరు వాన పడ్డాక రండి,” అని లోపలికి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక మీ తాతయ్య ఎగిరిపడ్డారు.

“పదిమందిలో పరాయి మగాడి ఎంగిలి తాగుతావా! మన పరువేం కాను?”

“ఆ గోడ వారన పోసిన ఎంగిలిలో నీదీ ఉంది అన్నయ్యా. ఇన్నాళ్ళూ నీ ఎంగిలి నా మొక్కలకు పట్టించావు, అప్పుడు పరువు గుర్తు రాలేదా?”

నేను పక్కకు తిరిగి నవ్వుకున్నాను. ఆయన మొహం మాడ్చుకుని మాట్లాడటం మానేశారు. ఇటు ఆయన పలకరు, అటు ఈమె నిలవదు. నేను మధ్యలో క్యారియరు పట్టుకుని ఇంటికీ డిపోకూ తిరుగుతూ, తిన్న అన్నం ఒంటికి పట్టక సగమైపోయాను.

డిపోలో మాత్రం కొత్త అలవాటు మొదలైంది. బస్సు గేటులోకి తిరుగుతుండగానే రైట్ రైట్ లోపలికి తల తిప్పి కేకేసేవాడు: “బొంగరమక్క నిలబడింది, ఎవరి నీళ్ళు వాళ్ళు తాగెయ్యండి! రైట్ రైట్!” జనం నవ్వుకుంటూ తాగేసి దిగేవాళ్ళు. బోర్డు తీసేసింది, దాని అవసరం లేకపోయింది.

ఆమె కుళ్ళినవన్నీ పీకేసింది. మిగిలినవాటి కొమ్మలు బాగున్నంత మేర ఉంచి కత్తిరించేసింది. గట్టును గుల్ల చేసి ఎండకు ఆరనిచ్చింది. తర్వాత మళ్ళీ ఆ ఏమీ చెయ్యకపోవడం. ఈసారి నేనూ ఆమెతో పాటు నడిచాను, గేటు నుంచి ప్లాట్‌ఫారం దాకా, ప్లాట్‌ఫారం నుంచి గేటు దాకా. రోజూ ఆకాశం చూసేవాళ్ళం. ఊరంతా వాన ఎప్పుడా అని చూస్తుంటే, మేమిద్దరం ఇప్పుడే రాకుండా ఉంటే బాగుండునని చూసేవాళ్ళం. పైకి అంటే జనం కొడతారు, అందుకని అనలేదు.

ముందు కాగితపు పూల తీగ తెగించింది. ఎండ మండేకొద్దీ దానికి పౌరుషం వచ్చినట్టు గేటు పక్క గోడంతా ఎర్రబారింది. తర్వాత బిళ్ళగన్నేరు మోడుల్లోంచి చిగుళ్ళు వచ్చాయి, మొగ్గలొచ్చాయి. ఎడారి గులాబీల్లో బతికినవి కొన్నే గాని ఆకు లేకుండా పూసి కూర్చున్నాయి. ములుగోరింట మాత్రం మొండికేసింది, అక్కడక్కడా బోడిగానే ఉంది. మేనేజరుగారు ఒక సాయంత్రం మబ్బు పట్టడం చూసి, చినుకు పడకముందే కిందికి దిగొచ్చారు. గోడ పొడుగునా నడిచారు. బోడి చోట ఆగారు.

“ఇక్కడ లేవే?”

“అక్కడ పోయాయి సార్,” అంది బొంగరం. వాదించలేదు. బిగించి పెట్టకుండానే ఆమె చేతులు కదలకుండా ఉండటం నేను చూసింది అదే మొదటిసారి.

ఆయన ఇంకొంచెం నడిచి, జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టారు. “ఆ సీట్లు మీ అన్నయ్యతో బయట వేయించు. నేను నీ గదిలోకి రానులే.”

మీ తాతయ్య ఆ సీట్లన్నీ తనే మోశారు. ఒక్క మాటా మాట్లాడలేదు గాని చివరి సీటు దింపి చెల్లెలితో, “కిటికీ తలుపు బిగుసుకుంది, రేపు నూనె వేస్తాను,” అన్నారు. అంతటితో వాళ్ళిద్దరికీ మాటలు కలిసిపోయాయి.

నేనూ ఆమే మడతమంచం చెరో పక్కా పట్టుకుని గేటు దాకా తెచ్చాం. అంతలో ఆకాశం చిల్లు పడినట్టు వాన! బస్సుల్లోంచి జనం బయటికి దూకి చేతులు చాపి అరుస్తున్నారు, నవ్వుతున్నారు. నాకూ ప్రాణం లేచొచ్చింది. బొంగరం మొహం చూద్దును కదా, పాలిపోయింది.

“వదినా, గట్టు!” అంటూ మంచం నడిదారిలో వదిలేసి పరుగెత్తింది. పార అందుకుని గట్టు మధ్యలో కాలవలు తీయడం మొదలుపెట్టింది, నీళ్ళు మొక్కల మొదట్లో నిలవకుండా. నేను చేతులతో మన్ను తోడాను. రైట్ రైట్ టికెట్ల సంచీ తలకు తగిలించుకుని వచ్చి చెప్పుతో ఒక గండి కొట్టాడు. తడిసి ముద్దవుతూ ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉంది ఆమె. నీళ్ళు గేటు కింద నుంచి వీధిలోకి పరుగెత్తుతున్నాయి. మంచం మీద నుంచి బస్సు పోకుండా మీ తాతయ్య దాని పక్కన నిలబడి చెయ్యి ఊపుతున్నారు.

“చాలే, రావే లోపలికి, జ్వరం పట్టుకుంటుంది!” అని అరిచాను.

“వస్తున్నా, వస్తున్నా,” అంది. రాలేదు.

అదీ సంగతి. నువ్వు రేపు ఎవరికైనా చెప్పేటప్పుడు ఆ బాటిలు ముక్క ఎగరగొట్టకు. అది చెప్పొద్దని మీ తాతయ్య ఉన్నన్నాళ్ళూ నన్ను ఆపేవారు, నలుగురిలో చులకనవుతామని. అది తీసేస్తే ఇందులో ఆమె ఎక్కడుంటుంది? నీకు నచ్చినట్టు కలుపుకో, సాగదీసుకో, రైట్ రైట్‌ను ఇంకాస్త నవ్వించు, నేనేమీ అనుకోను. ఆమె చెయ్యి చాపి ఆ నీళ్ళు తాగిందని మాత్రం ఉన్నదున్నట్టు చెప్పమ్మా.